నీళ్లతో నడుం బిగుసుకుంటుందా?

నల్గొండ జిల్లా మర్రిగూడ మండలంలో వయసు మీరకముందే నడుం వంగిన వాళ్లు కనిపిస్తారు. ఇది ఎవరి శాపమూ కాదు. బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ తెచ్చిన జబ్బు. దీన్నే ఫ్లోరోసిస్ అంటారు.

లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటితే ప్రమాదం. చిన్నప్పుడు ఆ నీళ్లు తాగితే పళ్లపై గోధుమరంగు చారలు పడతాయి. ఏళ్ల తరబడి తాగితే ఎముకలను కలిపి ఉంచే పట్టీల్లో సున్నం పేరుకుంటుంది. మెత్తని పట్టీలు ఎముకలా గట్టిపడతాయి. మెడ తిరగదు. నడుం బిగుసుకుపోతుంది.

నీళ్లు కాచినా ఫ్లోరైడ్ పోదు. పేరుకున్న సున్నాన్ని కరిగించే మందు లేదు. కాబట్టి ముందే బోరు నీళ్లు పరీక్ష చేయించాలి. తాగడానికీ, వంటకీ నల్లాలో వచ్చే కృష్ణా నీళ్లే వాడాలి.

సున్నం భయంతో పాలు, ఆకుకూరలు మానకూడదు. అవి ఫ్లోరైడ్ ఒంటికి పట్టకుండా కొంత అడ్డుకుంటాయి.