దీపం కింద చీకటి: ఇంటి కరెంటు, ఇంట్లో పాట



చంద్రపూర్‌లో ఉంటున్నామంటే మంచిర్యాల వైపు చుట్టాలు ఒక మాటంటారు: "మీకేమండీ, కరెంటు మీ ఊళ్ళోనే పుడుతుంది!" నిజమే. 2,920 మెగావాట్ల థర్మల్ కేంద్రం మన పక్కనే ఉంది. అయినా ఎండాకాలం సాయంత్రం యాంప్లిఫయరులో పాట గొంతు పట్టేస్తుంది. ఎందుకని?

కేంద్రంలో పుట్టిన కరెంటు నేరుగా మన గడపలోకి రాదు. 400 కిలోవోల్టులకు పెరిగి దూరాలకు పోతుంది. మనకు వచ్చేది సబ్‌స్టేషన్లు దాటి, 11 కిలోవోల్టుల లైనుమీద నడిచి, వీధి ట్రాన్స్‌ఫార్మరు దగ్గర దిగిన కరెంటు. కనుక కేంద్రం ఎంత దగ్గరన్నది కాదు, ఆ ట్రాన్స్‌ఫార్మరు ఎంత దగ్గర, దానిమీద ఎంత భారం ఉందన్నదే లెక్క. కాలువ చివరి మడికి నీళ్ళు అందనట్టే, లైను చివరి ఇంటికి వోల్టేజీ తగ్గుతుంది. వీధిలో కూలర్లన్నీ తిరిగే వేళ 230కి బదులు 180 వస్తే, మామూలు యాంప్లిఫయరు ఇవ్వగల గరిష్ఠ శక్తి సుమారు నలభై శాతం పడిపోతుంది. అప్పుడు సౌండు పెంచితే పాట పగులుతుంది. దీనికి స్టెబిలైజరు పనికొస్తుంది.

కాని 'గుంయ్' మనే హోరుకు స్టెబిలైజరు మందు కాదు. నా సంగతే చెబుతాను. మా ఇంట్లో ఆ హోరు పోవాలంటే ప్లగ్గులో లావుపాటి ఎర్త్ కాలు తీసేయమని ఒకాయన సలహా ఇచ్చాడు. తీసేశాను. హోరు పోయింది. నెల తిరగకముందే మా చిన్నవాడు యాంప్లిఫయరు డబ్బా ముట్టుకొని కెవ్వుమన్నాడు. ప్రాణం దక్కింది. ఆ రోజే ప్లగ్గు మార్చాను. చదువు చెప్పేవాణ్ణయి ఉండీ చేసిన తప్పు అది. మీరు చేయకండి.

టీవీ ఒక గోడకు, యాంప్లిఫయరు ఇంకో గోడకు పెట్టి మధ్య వైరు కలిపితే తరచు ఈ హోరు వస్తుంది. రెండింటినీ ఒకే బోర్డుకు పెట్టి చూడండి. వేసవిలో నేల ఎండితే ఎర్తింగ్ బలహీనపడుతుంది. ఎర్త్ గుంతలో నీళ్ళు పోస్తుండండి.

ఇక ఫ్రీక్వెన్సీ. వోల్టేజీ స్తంభం స్తంభానికీ మారుతుంది, ఫ్రీక్వెన్సీ గ్రిడ్ అంతటా ఒక్కటే. 2013 డిసెంబరు 31 దాకా దక్షిణాది గ్రిడ్ వేరు, మనది వేరు. రెంటి మధ్య ఇక్కడి భద్రావతి కేంద్రం కరెంటును డీసీగా మార్చి, మళ్ళీ ఏసీ చేసి అందించేది. అందుకే ఆ రోజుల్లో బల్లార్షాలో ఫ్రీక్వెన్సీ ఒకటి, సిర్పూర్ కాగజ్‌నగర్‌లో ఇంకొకటి ఉండవచ్చు. ఏసీ మోటారు గ్రామఫోను ఉన్నవారికి అది చెవికి తెలిసేది. 50 హెర్ట్జ్ 48.5కు దిగితే పాట సుమారు అర స్వరస్థానం కిందికి జారేది. ఇప్పుడు సరిహద్దుకు అటూ ఇటూ ఒకటే ఫ్రీక్వెన్సీ.

డబ్బు ఖర్చు పెట్టేముందు మూడు గమనించండి. సాయంత్రం మాత్రమే పాట పగులుతుంటే వోల్టేజీ. ఎప్పుడూ హోరు ఉంటే ఎర్తింగ్, వైర్లు. కూలరు వేయగానే 'టప్' మంటే మోటారు.

ఒక గదిలో దీపం మసకబారి, ఇంకో గదిలో భగ్గున వెలిగితే మాత్రం ఆలోచించకండి. న్యూట్రల్ తీగె వదులైందేమో. వెంటనే మెయిన్ ఆపి లైన్‌మన్‌ను పిలవండి.

పాట రేపైనా వినవచ్చు. సెలవు.