పరస్త్రీపురుషుల మర్యాద: ఇస్లాము చెప్పిన విధులు



మన పల్లెలలో హిందువులును ముసల్మానులును ఒకే చెరువు క్రింద సేద్యము చేసికొనుచు, ఒకే సంతలో బేరమాడుచు, తరతరములుగా కలసి బ్రతుకుచున్నారు. అయినను ఒకరి ధర్మశాస్త్రమును గూర్చి మఱియొకరికి తెలిసినది స్వల్పము. ముసల్మానుల యింట స్త్రీపురుషుల నడవడిని గూర్చి మనలో నెవ్వరినైన నడిగినచో, "ఘోషా" యని యొక్కమాటతో ముగింతురు. ఆ మాటలో సగము సత్యమైనను లేదు. ఆ విధులలో మొదటి భారము పురుషుని కన్నుపై నున్నది. కడపటి భారము ఊరివారి నాలుకపై నున్నది. రచ్చబండపై కూర్చుండి తగవులు తీర్చువారు ఈ రెండింటిని తప్పక యెఱుగవలెను. చిలుకూరి నారాయణరావుగారు ఖురానును తెనిగించి యుండుటచే నావంటి సంస్కృతాంధ్ర పండితులకును ఈ విషయమును మన భాషలోనే విచారింప వీలైనది.

ముందుగా పరులనగా ఎవరో తెలియవలెను. ఏ స్త్రీకి ఏ పురుషునితో వివాహము శాశ్వతముగా నిషిద్ధమో, వారిరువురును పరస్పరము "మహ్రములు". తండ్రి, తాత, కొడుకు, మనుమడు, తోడబుట్టినవాడు, అతని కొడుకు, అక్కచెల్లెండ్ర కొడుకు, పెదతండ్రి, పినతండ్రి, మేనమామ, భర్త తండ్రి, కూతురి భర్త మొదలగువారు ఈ వరుసలోని వారు. శైశవమున ఒకే తల్లి పాలు త్రాగినవారును తోబుట్టువులతో సమానులే. వారికి వివాహము చెల్లదు. తక్కినవారందఱును, భర్త తప్ప, "గైర్ మహ్రములు", అనగా పరులు.

ఇచ్చట మన యాచారమునకును వారి శాస్త్రమునకును గల భేదము గమనింపదగినది. తెలుగుదేశమున పెక్కు కులములలో మేనమామ మేనకోడలిని పెండ్లాడుట కలదు. ఇస్లామున మేనమామ మహ్రము. ఆ పెండ్లి నిషిద్ధము. మనకు పినతండ్రి కుమారుడు అన్నదమ్ములలో లెక్క. వారికి వివాహయోగ్యుడు, కావున పరుడే. మన యిండ్లలో వదినామఱదుల పరిహాసము తప్పుగా నెంచరు. ఇస్లామున భర్త తమ్ముడు పరపురుషుడే. భర్తవైపు బంధువుల మాటయేమని యొకడు ప్రశ్నింపగా, మహమ్మదు ప్రవక్త దానిని మృత్యువుతో పోల్చి హెచ్చరించెనని హదీసులు చెప్పుచున్నవి. కారణము సులభముగా తెలియును. గడప యెక్కిన క్రొత్తవానిని ఇంటిల్లిపాదియు కనిపెట్టి చూతురు. ఇంటిలో తిరుగాడువానిని ఎవ్వరు కనిపెట్టుదురు?

ఇక చూపును గూర్చిన విధి. ఖురానులో 24వ అధ్యాయమునకు "నూర్", అనగా వెలుగు, అని పేరు. అందు 30వ వాక్యము పురుషులను దృష్టి దించుకొనుమనియు, తమ శీలమును కాపాడుకొనుమనియు శాసించుచున్నది. స్త్రీలకు అదే యాజ్ఞ 31వ వాక్యమున వచ్చును; ఓణీతో ఎద కప్పుకొనుట, అలంకారమును పరులకు చూపకుండుట యనునవి దాని వెంట వచ్చును. ముఖమును, మణికట్టు వఱకు చేతులును కప్పవలెనా యను విషయమున శాస్త్రజ్ఞులలో మతభేదము కలదు. కాని పురుషుడు కన్ను దించుకొనవలెననుటలో భేదము లేదు.

దీనికొక నిదర్శనము హదీసులలో కలదు. 632వ సంవత్సరమున ప్రవక్త కడపటి హజ్జు యాత్ర చేయుచుండగా ఒక యువతి వచ్చి, వృద్ధుడైన తన తండ్రికి మాఱుగా తాను యాత్ర చేయవచ్చునా యని యడిగెను. ప్రవక్త వెనుక వాహనముపై కూర్చున్న ఫజల్ అను యువకుడు ఆమెను తేఱిపాఱ చూచుచుండెను. ప్రవక్త తన చేతితో ఆ యువకుని ముఖమును ప్రక్కకు త్రిప్పెను. ఆమె ప్రశ్నకు, చేయవచ్చునని యుత్తరమిచ్చెను. ఆమెను పొమ్మనలేదు, తిరుగవలసినది అతని ముఖమే.

మూడవది యేకాంత నిషేధము. పరులైన స్త్రీపురుషులిద్దఱే మూసిన తలుపుల వెనుక నుండరాదు. ఒరుల యింటికి పోయినవాడు సలాము చెప్పి, అనుమతి పొందక లోన అడుగిడరాదు; మరలిపొమ్మన్నచో నొచ్చుకొనక మరలవలెను. పరుల చేయి తాకుటయు నిష్ఠాపరులు మానుదురు. కావున ముసల్మాను స్త్రీ కరచాలనమునకు చేయి చాపకున్నచో దానిని అవమానముగా తలపరాదు. దూరమునుండియే గౌరవము తెలుపు నమస్కారము మనకుండనే యున్నది.

అట్లని మాటలాడుటయే నిషిద్ధమను అపోహ వలదు. క్రయవిక్రయములు, సాక్ష్యము, చదువు, వైద్యము మొదలగు పనులకు మర్యాదతో కూడిన మాట చెల్లును. మద్యను బావికడ మందలకు నీరు పెట్టలేక దూరముగా నిలిచిన ఇరువురు కన్యలను మూసా ప్రవక్త కారణమడిగి తెలిసికొని, నీరు తోడిపెట్టిన కథ ఖురానులోనే యున్నది. ప్రవక్త భార్యయైన ఆయిషా తెర వెనుకనుండి పురుషులకు బోధించెను. ఆమె చెప్పిన హదీసులు రెండువేలకు పైబడి యున్నవి.

ఆ ఆయిషా విషయముననే నాలుకకు సంబంధించిన విధి యేర్పడినది. సుమారు 627వ సంవత్సరమున ఒక దండయాత్రనుండి మరలుచు, జాఱిపోయిన హారమును వెదకుటకై ఆమె విడిది వెలుపలకు పోయెను. ఆమె పల్లకిలోనే యున్నదని తలచి సేవకులు దానిని ఒంటెపై కెత్తి సాగిపోయిరి. ఆమె తిరిగివచ్చి ఆ చోటనే కూర్చుండెను. సైన్యము వెనుక వచ్చుచున్న సఫ్వాను అను నతడు ఆమెను గుర్తించి, దేవుని తలంచి, వేఱొకమాట పలుకక ఒంటెను మోకరిల్లజేసెను. ఆమె యెక్కగా తాను ముకుత్రాడు పట్టి నడచుచు సైన్యమును చేర్చెను. ఆపత్కాలమున పరపురుషుడు నడువవలసిన తీరు అది. కాని ఊరు ఊరకుండలేదు. సుమారు నెలదినములు అపనింద సాగెను. ఆమె తల్లిదండ్రులయింట ఏడ్చుచు గడపెను. అంతట నూర్ అధ్యాయపు వాక్యములు వెలువడి ఆమెను నిర్దోషిగా చాటినవి; వినినవారు తొలుతనే మేలెంచి, ఇది స్పష్టమైన అబద్ధమని యేల యనలేదని మందలించినవి. శీలవతిపై నింద మోపి నలుగురు సాక్షులను తేలేనివానికి 80 కొరడా దెబ్బలనియు, వాని సాక్ష్యము పిమ్మట చెల్లదనియు ఆ యధ్యాయమే విధించినది.

పెద్దలారా, మన దేశపు న్యాయస్థానములలో ఆ శిక్ష లేదు. కాని అందలి న్యాయము మనకును కావలసినదే. ఫలానావారు ఫలానాచోట మాటలాడిరని యొకడు రచ్చబండకు వచ్చినప్పుడు, "నీవు కన్నులార చూచినదేమి?" అని ముందడుగుడు. విన్నమాటయే యైనచో అచ్చటనే ఆపుడు. ఒక పిల్ల బ్రతుకు దానిచే నిలుచును. తనపై బలాత్కారము జరిగినదని స్త్రీ తానే మొఱపెట్టినచో అది వదంతి గాదు. దానిని పెద్దమనుషుల రాజీతో కప్పివేయక న్యాయస్థానమునకు చేర్చుట మీ విధి. పరభార్యను తల్లివలె చూడుమని మన పెద్దలు చెప్పినదియు, కన్ను దించుకొనుమని వారి గ్రంథము చెప్పినదియు ముందుగా పురుషునితోనే. ఇంటనున్న కుమారులకు ఆ మాట ముందు చెప్పి, పిమ్మట కుమార్తెల ముసుగును గూర్చి మాటలాడుట న్యాయము.