సన్‌సెట్ ఫొటో తీసేసి దిగిపోతున్నారా? ఆగండి.. అసలు రంగులు ఇంకా రాలేదు!

సాయంత్రం ఆకాశం ఎర్రబడగానే డాబా ఎక్కి, నాలుగు ఫొటోలు తీసి, స్టేటస్ పెట్టేసి కిందికి దిగిపోయేవాళ్లే ఎక్కువ. కానీ సూర్యుడు అస్తమించాక ఇంకో 10-20 నిమిషాలు ఆగితే.. చాలాసార్లు అంతకంటే మంచి రంగులు కనిపిస్తాయి. అయితే కొన్ని మేఘాలు కనిపిస్తే మాత్రం ఒక్క నిమిషం కూడా ఆగకూడదు. ఎందుకో చూద్దాం.

ఆ రంగులు ఎక్కడివి?

సూర్యకాంతిలో అన్ని రంగులూ ఉంటాయి. గాలిలోని అణువులు నీలం కాంతిని ఎక్కువగా చెదరగొడతాయి. అందుకే పగలు ఆకాశం నీలంగా ఉంటుంది. సాయంత్రం ఆ కాంతి గాలిలో చాలా ఎక్కువ దూరం ప్రయాణించి రావాలి. నీలం దారిలోనే చెదిరిపోతుంది.. నారింజ, ఎరుపు మిగులుతాయి.

సూర్యుడు మనకు కనిపించకపోయినా, పైనున్న మేఘాలకు కాసేపు వెలుగు అందుతూనే ఉంటుంది. పక్షి ఈకల్లా పల్చగా ఉండే సిర్రస్ మేఘాలు సాధారణంగా 6 కిలోమీటర్లకు పైనే ఉంటాయి. అందుకే రంగు వాటి మీద ఎక్కువసేపు నిలుస్తుంది. పడమర వైపు దట్టంగా మబ్బు పడితే మాత్రం వెలుగుకు దారి ఉండదు.

వాన వెలిసి ఎండ కొడితే ఒకసారి వెనక్కి తిరిగి చూడండి. ఇంద్రధనుస్సు ఎప్పుడూ సూర్యుడికి ఎదురు దిక్కునే వస్తుంది. అంటే సాయంత్రమైతే తూర్పున.

ఫోన్‌తో ఇలా తీయండి

* స్క్రీన్ మీద వెలుతురు ఎక్కువున్న చోట టచ్ చేసి, బ్రైట్‌నెస్ కాస్త తగ్గించండి. లేదంటే రంగులు తెల్లగా పాలిపోతాయి.
* కొబ్బరి చెట్టో, గుడి గోపురమో ఫ్రేమ్‌లో ఉంటే మేఘం ఎంత పెద్దదో తెలుస్తుంది.
* చీకటి పడేకొద్దీ చెయ్యి కదిలితే ఫొటో మసకబారుతుంది. ఫోన్‌ను పిట్టగోడకు ఆనించండి.
* సూర్యుడిని నేరుగా చూడొద్దు.

ఈ మేఘం కనిపిస్తే దిగాల్సిందే

కాలీఫ్లవర్‌లా పైపైకి పెరిగి, పైభాగం బల్లపరుపుగా పరుచుకునేది క్యుములోనింబస్ మేఘం. ఫొటోల్లో అదిరిపోతుంది. కానీ పిడుగులు పడేది ఈ మేఘాల నుంచే. మీ మీద చినుకు పడకపోయినా పిడుగు పడొచ్చు.

మెరుపు మెరిసిన 30 సెకన్లలోపు ఉరుము వినిపిస్తే.. అది దాదాపు 10 కిలోమీటర్లలోపే ఉన్నట్టు. డాబా మీద, పొలంలో, చెట్టు కింద ఉండొద్దు. వెంటనే ఇంట్లోకి వెళ్లండి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాల దాకా బయటికి రావొద్దు. పుణేలోని ఐఐటీఎం తయారుచేసిన 'దామిని' యాప్‌లో పిడుగు హెచ్చరికలు చూసుకోవచ్చు.

సామాన్యుల ఫొటోలతో కొత్త పేరు

సముద్రపు అలల్ని కింది నుంచి చూస్తున్నట్టు ఉండే ఒక వింత మేఘాన్ని జనం ఫొటోలు తీసి, బ్రిటన్‌కు చెందిన క్లౌడ్ అప్రిసియేషన్ సొసైటీకి పంపారు. దానికి ప్రత్యేకంగా పేరు పెట్టాలని ఆ సంస్థ ప్రచారం చేసింది. చివరికి 2017లో ప్రపంచ వాతావరణ సంస్థ తన అంతర్జాతీయ మేఘాల అట్లాస్‌లో 'ఆస్పెరిటాస్' పేరుతో దాన్ని చేర్చింది.

అందుకే వింత మేఘం కనిపిస్తే ఫొటోతో పాటు తేదీ, టైమ్, ఊరి పేరు కూడా రాసి పెట్టుకోండి.