ఫ్యాక్టరీ నుంచి ఫిలింఫేర్ దాకా

హిందీ సినిమాల్లో కడుపుబ్బ నవ్వించే జానీ లీవర్ మన తెలుగువాడే. అసలు పేరు జాన్ ప్రకాశరావు జనుమల. 1957లో కనిగిరిలో పుట్టి, ముంబయి ధారావిలో పెరిగారు. పేదరికం వల్ల చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. సినిమా నటుల గొంతులు అనుకరిస్తూ వీధుల్లో పెన్నులు అమ్మారు. తర్వాత తండ్రి పనిచేసే హిందుస్థాన్ లీవర్ ఫ్యాక్టరీలో కార్మికుడిగా చేరారు. అక్కడి ఒక ఫంక్షన్‌లో పై అధికారులను అచ్చుగుద్దినట్టు అనుకరించేసరికి తోటి కార్మికులు మెచ్చి పెట్టిన పేరే ‘జానీ లీవర్’.

పేరు వచ్చింది కదా అని ఆయన వెంటనే ఉద్యోగం మానలేదు. డ్యూటీ చేస్తూనే స్టేజీ షోలిచ్చారు. షోలు బాగా పెరిగాకే, 1981లో, మానేశారు. స్టేజీపై ఆయన ప్రతిభ చూసిన సునీల్ దత్ ‘దర్ద్ కా రిష్తా’ (1982)లో వేషమిచ్చారు. ‘బాజీగర్’ (1993)తో దేశమంతా గుర్తింపు వచ్చింది. ‘దీవానా మస్తానా’, ‘దూల్హే రాజా’ చిత్రాలకు ఉత్తమ హాస్యనటుడిగా ఫిలింఫేర్ అవార్డులు అందుకున్నారు.

మిమిక్రీకి పెట్టుబడి డబ్బు కాదు, పరిశీలన. ఎదుటి మనిషి నడక, మాట, విసుగు గమనించాలి. వార్డెన్ గారి గొంతు దించేసే తమ్ముళ్లు మన హాస్టల్లోనూ ఉన్నారు! వాళ్లను స్టేజీ ఎక్కిద్దాం. కానీ తమ్ముళ్లూ, ఆయన చదువు ఆగిపోయినప్పుడు ఆదుకునే హాస్టల్ లేదు. మనకుంది. కళ కోసం పుస్తకం వదలకండి.