పాత కారు వెనుక దీపపు అద్దం

రాత్రివేళ రహదారిపై ముందు వెళ్లే కారును వెనుక వచ్చేవారు గుర్తించగలిగేది దాని ఎర్ర దీపాల వల్లనే. ఇంజను గురించి గంటలకొద్దీ ముచ్చటించేవారు కూడ ఆ దీపాన్ని కప్పి ఉండే అద్దాన్ని గురించి సాధారణంగా ఆలోచించరు. మేమూ ఆలోచించి ఉండేవాళ్లం కాము. మిత్రుని దాదాగారి పాత అంబాసిడరుకు మెరుగు పెట్టే ఉత్సాహంలో, రంగు మరకలు పోవాలని, ఎడమవైపు అద్దాన్ని థిన్నరుతో తుడిచాము. చూస్తుండగానే దాని నిండా సాలెగూడు వంటి సన్నని పగుళ్లు వ్యాపించాయి. దాదాగారు ఏమీ అనలేదు. ఆ అద్దాన్ని రుమాలులో చుట్టి అలమారులో పెట్టారు. ఈ విషయాన్ని తెలుసుకొనే ప్రయత్నం మేము ఆనాడే ప్రారంభించాము.

మెకానిక్కులు దీనిని 'గ్లాసు' అంటారు గాని, 1950 తరువాతి కార్లలో అధిక భాగానికి ఇది గాజు కాదు, ఆక్రిలిక్ అనే ప్లాస్టిక్కు. అంతకు పూర్వపు కార్లలో చాలావాటికి నిజమైన గాజే ఉండేది. గోటితో తట్టితే గాజు ఖంగుమంటుంది; ఆక్రిలిక్ మొద్దుగా పలుకుతుంది. ఆక్రిలిక్‌ను అచ్చులో పోసినప్పుడు దాని లోపల కొంత బిగువు మిగిలిపోతుంది. థిన్నరు, పెట్రోలు, స్పిరిటు వంటివి సోకితే ఆ బిగువు పగుళ్లై బయటపడుతుంది. దానిని శుభ్రపరచడానికి సబ్బునీరు, మెత్తని గుడ్డ చాలు.

పాత సామానుల అంగడిలో దొరికిన అద్దం ఏ కారుదో నిర్ణయించడానికి ఆకారమొక్కటే చాలదు. అంచున ఉబ్బెత్తుగా ఉండే అక్షరాలను చదవాలి. బ్రిటిష్ కార్లకు తరచుగా లూకాస్ పేరు, నమూనా సంఖ్య ఉంటాయి. ఫోర్డు వాటిపై 'ఫోమోకో' అని కనిపిస్తుంది. అమెరికా అద్దాలపై 'ఎస్ ఏ ఈ' అన్న మూడక్షరాల వెంట వచ్చే 'ఎస్' ఆగే దీపానికి, 'టి' వెనుక దీపానికి, 'ఐ' మలుపు దీపానికి గుర్తులు. వలయంలో 'ఈ' అక్షరం, పక్కన అంకె ఉంటే అది 1958 నాటి జెనీవా ఒప్పందాన్ని అనుసరించి వచ్చిన ఆమోద చిహ్నం. 1 జర్మనీ, 2 ఫ్రాన్సు, 3 ఇటలీ, 11 బ్రిటన్. ఆ అంకె ఆమోదించిన దేశాన్ని తెలుపుతుందే గాని తయారైన దేశాన్ని కాదు. ఇక్కడ పొరబడేవారు అనేకులు. రంగు కూడ సాక్ష్యమే. 1965 సెప్టెంబరు నుండి బ్రిటన్‌లో కొత్త కార్ల మలుపు దీపాలు నారింజ వర్ణంలోనే ఉండాలన్న నియమం వచ్చింది; అమెరికాలో ఎరుపు కూడ చెల్లుతుంది. అందుచేత ఒకే కారుకు రెండు విధాల అద్దాలు కనిపించడం ఆశ్చర్యం కాదు.

అయితే అద్దం ప్రాణమంతా లోపలి తలంలోనే ఉన్నది. అక్కడి సన్నని గాళ్లు, పట్టకాలు చిన్న బల్బు వెలుగును అద్దమంతటా పరుస్తాయి. కొన్నింటిలో, గది మూలవలె మూడు తలాలు లంబంగా కలిసే సూక్ష్మమైన గుంటలు వరుసలు తీరి ఉంటాయి. అవి తమపై పడిన కాంతిని వచ్చిన దిశకే తిప్పి పంపుతాయి. బల్బు మాడిపోయినా వెనుక వాహనపు వెలుగులో మెరుస్తాయి. కనుక గరుకు కాగితం లోపల తగలరాదు. వెలుపలి గీతలను మాత్రం 1000, 1500, 2000 నంబర్ల కాగితాలతో నీళ్లు పోస్తూ వరుసగా రుద్ది, పాలిషు ముద్దతో చేత్తోనే మెరుగు పెట్టాలి. యంత్రం వేడికి ఆక్రిలిక్ మెత్తబడుతుంది. విరిగిన ముక్కను క్లోరోఫారంతో అతకవచ్చును. ఆ ఆవిరి హానికరం గనుక రసాయనశాలలో, అధ్యాపకుల సమక్షంలోనే చేయాలి. ఎండకు వెలిసిన ఎరుపుకు మాత్రం మందు లేదు. పైన ఎర్ర వార్నిషు పూస్తే కాంతి తగ్గుతుంది.

దాదాగారి కారుకు మేము ఒక నకలు అద్దం సంపాదించాము. సిలికాన్ రబ్బరు అచ్చులో రంగు కలిపిన రెజిన్ పోసి చేసినది. పగటివేళ రెంటికీ భేదమే తోచలేదు. పరీక్షగా చూస్తే అక్షరాల అంచులు మొద్దుబారి ఉన్నాయి, లోపల రెండు మూడు గాలి బుడగలు చిక్కుకొని ఉన్నాయి. చీకటి పడ్డాక దీపాలు వెలిగించి ఇరవై అడుగుల దూరం నడిచి చూశాము. కుడివైపు అసలు అద్దం నిండుగా వెలిగింది. ఎడమవైపు మధ్యలో ఒక చుక్క మాత్రమే ప్రకాశిస్తూ, అంచులు నల్లగా మిగిలాయి. వెనుక వచ్చే లారీ డ్రైవరుకు ఆ చుక్క స్కూటరు దీపమని తోచవచ్చును.

బంపరు కింద రెండు ఎర్ర రిఫ్లెక్టర్లు విడిగా బిగించాము. అంగళ్లలో అసలు ఎడమ అద్దం కోసం ఇంకా వెదుకుతున్నాము. పగిలినది అలమారులోనే ఉన్నది.