గడ్డి నేలల ఆర్కిడ్: అపోహలు – వాస్తవాలు

ఆర్కిడ్ అంటే పూల దుకాణంలో కనిపించే ఊదా రంగు గుత్తే మనకు తెలుసు. దక్షిణాఫ్రికాలోని డ్రాకెన్స్‌బర్గ్ కొండల్లో, గడ్డి మధ్య నేలలోంచి లేచి తెల్లగానో లేత గులాబీగానో పూసే సాటిరియం లాంగికౌడా కూడా ఆర్కిడ్డే.

అపోహ: ఆర్కిడ్లు చెట్ల కొమ్మల మీదే పెరుగుతాయి.

వాస్తవం: దక్షిణాఫ్రికాలో 400కు పైగా ఆర్కిడ్ జాతులున్నాయి. వాటిలో ఎక్కువ నేల మీద పెరిగేవే. సాటిరియం లాంగికౌడా ఆకులు ఒకటో రెండో నేలకు అతుక్కుని పరుచుకుంటాయి. పూల కాడ వాటి పక్కన విడిగా లేస్తుంది. దీని బంధువు సాటిరియం నేపాలెన్స్ మన నీలగిరుల్లోనూ పూస్తుంది.

అపోహ: చలికాలంలో ఆకు కనిపించకపోతే మొక్క చచ్చినట్టే. మంట వస్తే ఇక మిగలదు.

వాస్తవం: డ్రాకెన్స్‌బర్గ్‌లో వానలు పడేది అక్కడి వేసవిలో, అక్టోబరు నుంచి మార్చి దాకా. ఆ తర్వాత మొక్క పైభాగం ఎండిపోయినా నేలలో దుంప బతికే ఉంటుంది. పాత దుంప ఈ ఏటి పూతకు సత్తువ ఇస్తుంటే, పక్కనే వచ్చే ఏటికి కొత్త దుంప ఊరుతుంది. చలికాలపు మంట ఎండు గడ్డిని తీసేసి చిగురుకు వెలుతురిస్తుంది. మొలక లేచాక పెట్టే మంటతోనే చేటు.

అపోహ: ఏ పురుగు వాలినా కాయ కడుతుంది.

వాస్తవం: ప్రతి పువ్వుకూ వెనక రెండు సన్నని గొట్టాలుంటాయి. మకరందం వాటి లోపల ఉంటుంది. కొన్నిచోట్ల అవి 4 సెంటీమీటర్లు దాటుతాయి. చీకటి పడ్డాక పొడవాటి తుండమున్న చిమ్మటలు వచ్చి తాగుతాయి. అప్పుడు అంటుకున్న పుప్పొడి ముద్దలు మరో పువ్వుకు చేరతాయి.

అపోహ: తవ్వి తెచ్చి కుండీలో పెట్టుకోవచ్చు, విత్తనాలతో పెంచుకోవచ్చు.

వాస్తవం: ధూళిలాంటి ఆ విత్తనంలో ఆహార నిల్వ దాదాపు ఉండదు. మట్టిలో తగిన శిలీంధ్రం తోడైతేనే మొలక నిలుస్తుంది. తవ్వుకుపోతే ఏమవుతుందో జాంబియాలో తెలుస్తోంది. అక్కడ ఇలాంటి ఆర్కిడ్ల దుంపలను వేరుశనగ పొడితో ఉడికించి ‘చికాండా’ చేస్తారు. గిరాకీ పెరిగేకొద్దీ బయళ్లలో దుంపలు కరువవుతున్నాయి.

అపోహ: చెట్లు లేని బయలు వట్టి బంజరు, మొక్కలు నాటితే బాగుపడుతుంది.

వాస్తవం: పైన్, యూకలిప్టస్ తోటల నీడలో ఈ ఆర్కిడ్ బతకదు. ఒకసారి దున్నిన గడ్డి నేల మునుపటిలా కోలుకోవడానికి దశాబ్దాలు కూడా చాలవు. మన దేశంలోనూ గడ్డి నేలల్ని బంజరు లెక్కలో వేస్తున్నారు. ఖాళీగా ఉందని మొక్కలు నాటబోయే ముందు, ఆ నేలలో వానాకాలం ఏమేం పూస్తాయో ఒక ఏడాది చూడండి.