రాత్రి పది దాటాకే దొరికే పురుగు

బోదకాలు పురుగు కోసం రక్త పరీక్ష పగలు చేస్తే చాలాసార్లు ఏమీ కనబడదు. రాత్రి పదికీ రెండుకీ మధ్య వేలు పొడిచి చుక్క తీయాలి. మైక్రోఫైలేరియాలు అనే ఆ పురుగు పిల్లలు పగలంతా ఊపిరితిత్తుల రక్తనాళాల్లో దాగి, దోమ కుట్టే వేళకు చర్మం దగ్గరి రక్తంలోకి వస్తాయి. వాటిని మోసే క్యూలెక్స్ దోమ కుట్టేది రాత్రిపూటే.

హైదరాబాద్ శివారు మణికొండ, పుప్పాలగూడల్లో ఆ వేళకు ఎవరెక్కడ పడుకుంటారో చూడండి. పై అంతస్తుల్లో కిటికీలకు జాలీలు, గదిగదికీ ఏసీ. కింద సెల్లారులో ఒకే గదిలో వాచ్‌మన్ కుటుంబం. కొత్త టవరు లేస్తున్న చోట రేకుల షెడ్లు, లోపల ఉక్క భరించలేక ఆరుబయట పరుచుకున్న పక్కలు, పక్కనే మురుగు నిలిచిన గుంత. క్యూలెక్స్‌కు కావలసింది ఆ మురుగే. డెంగీ దోమలా దానికి మంచినీళ్లు అక్కర్లేదు. మూత సరిగా లేని సెప్టిక్ ట్యాంకు, గుర్రపుడెక్క అల్లుకున్న చెరువు దానికి పుట్టిళ్లు.

ఒకటి రెండు కాట్లతో బోదకాలు రాదు. దోమ ఒంట్లో పురుగు పెరుగుతుందే కానీ సంఖ్యలో పెరగదు. అందుకే నెలలు, ఏళ్ల తరబడి పదేపదే కాట్లు పడితేనే వ్యాధి పట్టుకుంటుంది. దోమతెర లేకుండా రోజూ బయట పడుకునేవాడికే ఆ గతి పడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధులంటూ 21 రకాలను జాబితాలో పెట్టింది. వాటి బారిన పడినవారు వంద కోట్ల పైమాటే. పేదరికానికీ ఈ జాబితాకూ ఉన్న ముడి బోదకాలులో కళ్లకు కట్టినట్టు కనబడుతుంది.

లోపల జరిగేది ఇదీ. దారంలా ఉండే ఆడపురుగు ఎనిమిది నుంచి పది సెంటీమీటర్ల వరకు పెరిగి, శోషరస నాళాల్లో అయిదు నుంచి ఎనిమిదేళ్లు బతుకుతుంది. నాళాలు ఉబ్బి చెడిపోతాయి, నీరు కిందికి దిగి నిలుస్తుంది. మగవారిలో కొందరికి వరిబీజం వస్తుంది. ఏళ్లపాటు ఏ లక్షణమూ లేకుండానే రక్తంలో పురుగులు తిరుగుతుండవచ్చు. అది రోగికే తెలియదు.

దీనికి మందు దొరికింది ఒక తెలుగువాడి ప్రయోగశాలలో. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లె సంస్థ పరిశోధనకు నాయకత్వం వహిస్తున్నప్పుడు, ఆయన బృందం 1947లో డై ఇథైల్ కార్బమజైన్‌ను వెలుగులోకి తెచ్చింది. మరుసటి ఏడే ఆయన కన్నుమూశారు. అంతకు ముందు రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్లిన అమెరికా సైనికులకు ఈ వ్యాధి సోకింది. సంపన్న దేశపు సైనికుడికి జబ్బు తగిలినప్పుడే పరిశోధనకు ఊపు వచ్చిందన్నది మనం మరవకూడని చేదు నిజం. జపాన్ సంస్థ ఐసాయ్ ప్రపంచ ఆరోగ్య సంస్థకు ఉచితంగా ఇస్తున్న ఆ మందు మాత్రలు తయారయ్యేది మన విశాఖపట్నంలో. శ్రీలంక 2016లో, బంగ్లాదేశ్ 2023లో ఈ వ్యాధి పీడ వదిలించుకున్నాయి. మన దేశం పెట్టుకున్న గడువు 2027.

2004 నుంచి మన దేశంలో వ్యాధి ఉన్న జిల్లాల్లో ఏడాదికోసారి అందరికీ మాత్రలు పంచుతున్నారు. ఆ మాత్ర పెద్ద పురుగులన్నింటినీ చంపలేదు, పిల్లల్ని చంపుతుంది. పెద్దవి బతికున్నన్నాళ్లూ మళ్లీ పిల్లల్ని పెడుతూనే ఉంటాయి కనుక వరసగా కొన్నేళ్లు మింగాలి. చిక్కంతా ఇక్కడే. బిహార్, జార్ఖండ్, ఒడిశా, శ్రీకాకుళం నుంచి వచ్చిన మేస్త్రీ, సొంతూళ్లో మాత్రలు పంచేరోజున ఇక్కడ స్లాబు వేస్తుంటాడు. ఇక్కడి జాబితాలో అతని పేరుండదు. వలస కూలీలే జబ్బు తెచ్చారనడం అన్యాయం. వారిని రెండు చోట్లా లెక్కలోంచి జారవిడిచింది మన ఏర్పాట్లే.

ఇప్పటికే కాలు వాచినవారికీ చేయగలిగింది చాలా ఉంది. రోజూ సబ్బుతో కాలు మెల్లగా కడగాలి, వేళ్ల సందుల్లో తడి లేకుండా మెత్తటి గుడ్డతో అద్దాలి, పగుళ్లకు మందు రాయాలి, కూర్చున్నప్పుడు కాలు ఎత్తి పెట్టుకోవాలి, చెప్పులు లేకుండా నడవకూడదు. జ్వరం, గజ్జల్లో బిళ్లలు కట్టడం ఎక్కువగా ఆ పగుళ్లలోంచి సూక్ష్మజీవులు దూరడం వల్లే. కడగడంతోనే ఆ దాడులు బాగా తగ్గుతాయి. కానీ రేకుల షెడ్డులో రోజూ కాలు కడుక్కునేందుకు నీళ్లుండాలి కదా. తెలంగాణ ప్రభుత్వం 2018లో బోదకాలు బాధితులను ఆసరా పింఛనులో చేర్చడం మంచి పని. ఆ పింఛనుతోపాటు నీళ్లూ సబ్బూ మందూ వారికి చేరాలి.

మణికొండ అపార్ట్‌మెంట్ సంఘాలకు నా విన్నపం. మీ సెప్టిక్ ట్యాంకు గాలి గొట్టానికి దోమల వల బిగించండి. సెల్లారులో నీళ్లు నిలవనివ్వకండి. వాచ్‌మన్ గదికి జాలీ పెట్టించండి. పక్క స్థలంలో కట్టుబడి చేసే బిల్డరును కూలీల షెడ్లకు దోమతెరలు ఇమ్మని అడగండి, ఆరోగ్య సిబ్బందిని రాత్రి పరీక్షకు పిలవండి.